భయపడే వేలికి కార్డు చెల్లదు

మంగతాయారుకు భయపడడానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక దొరికితే చాలు. గ్యాస్ కట్టేసి, తలుపు తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్ళి, కట్టేశానో లేదోనని వెనక్కి వస్తుంది. మొగుడు ఏడుకొండలు లారీ తోలుకుంటూ రాయపూర్ వెళ్తాడు. అతను ఫోను ఎత్తకపోతే ఏమైందోనని ఒక భయం, ఎత్తితే బండి నడుపుతూ ఎత్తాడేమోనని ఇంకో భయం. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు వెనక వీధిలో ఆవిడ కాపురం. ఆ వీధిలో ఎవరింట్లో గిన్నె కింద పడ్డా గుండె పట్టుకుని ముందు బయటికొచ్చేది ఆవిడే.

అలాంటి మనిషి ఉన్న ఊళ్ళోకి నిర్భయ చెల్లింపు నిబంధనలు వచ్చాయి.

వాటి వెనక పెద్ద ఆలోచనే ఉంది. కార్డుల మోసాలు ఎక్కువైపోయాయని పైవాళ్ళు ఒక కమిటీ వేశారు. కమిటీ పద్నాలుగు నెలలు ఊళ్ళు తిరిగి, మంచి మంచి హోటళ్ళలో దిగి, లోతుగా పరిశీలించి ఒక సంగతి కనిపెట్టింది. మోసపోయిన ప్రతి మనిషీ డబ్బు పోగొట్టుకునే ముందు భయపడ్డాడట. కాబట్టి మోసానికి మూలం భయం. మోసగాణ్ణి పట్టుకోవాలంటే వెతకాలి, తిరగాలి, ఎండన పడాలి. భయపడేవాడైతే దుకాణంలో ఎదురుగానే నిలబడి ఉంటాడు, కార్డు కూడా చేతిలోనే ఉంటుంది. అందుకని వాణ్ణే ఆపాలని తీర్మానించారు.

ఆ రోజు నుంచి దుకాణాల్లో కార్డు మిషన్లకి బట్టలారేసుకునే క్లిప్పులాంటిదొకటి తగిలించారు. కార్డు పెట్టాక వేలు ఆ క్లిప్పులో పెట్టాలి. నాడి నెమ్మదిగా కొట్టుకుంటే పచ్చలైటు, లేకపోతే ఎర్రలైటు. ఎర్రలైటు మూడుసార్లు వెలిగితే కార్డు 'రక్షణ'లోకి వెళ్ళిపోతుంది. అంటే ఎవరూ వాడలేరు, వాడుకోవాల్సిన మనిషి కూడా. ఫోనుతో డబ్బు పంపడం అంతకుముందే ఆపేశారు, ఫోను మోగితేనే జనం ఉలిక్కిపడుతున్నారని. రెండు వేలు దాటితే నగదూ పనికిరాదు. ఇచ్చేవాడు భయపడుతున్నాడో లేదో నోటుకి తెలీదు కదా మరి.

ఊరు ఊరంతా సర్దుకుంది. బట్టల షాపులో మిషను పక్కన వేణువు పాటలు పెట్టారు. ఎరువుల కొట్టులో అగరొత్తులు వెలిగించారు. కొందరు కడుపునిండా పెరుగన్నం తిని, కళ్ళు మూతలు పడుతుండగా మధ్యాహ్నం రెండింటికి షాపింగుకి బయల్దేరడం మొదలుపెట్టారు. ఆసుపత్రిలో మాత్రం ఇంతవరకూ ఒక్కరి కార్డుకీ పచ్చలైటు పడలేదు. దాన్నిబట్టి ఆసుపత్రులలో మోసం విపరీతంగా ఉందని కమిటీ రెండో నివేదిక ఇచ్చింది.

మంగతాయారు ఆ మిషన్ల జోలికే పోకుండా మూడు నెలలు నెట్టుకొచ్చింది. ఇంకో మూడు నెలలు నెట్టుకొచ్చేదే, కళ్ళజోడు విరక్కపోతే.

కళ్ళజోడు కూతురు ప్రణవిది. పదో తరగతి పాసైన పిల్ల. మర్నాడు పొద్దున్న తణుకులో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష. ఆ పిల్లకి సైటు మైనస్ ఎనిమిది. జోడు తీసేస్తే అమ్మకీ, బీరువాకీ తేడా తెలీదు. పరీక్ష ముందు జోడు టేబులు మీంచి జారిపడి పగిలిపోతుందేమోనని మంగతాయారుకి రాత్రంతా నిద్రపట్టలేదు. తెల్లారుతూనే దాన్ని తీసి, మెత్తగా ఉంటుందని పరుపు మీద దుప్పటి మడతల్లో దాచింది. దాచి, హమ్మయ్య అనుకుంటూ దాని మీదే కూర్చుంది.

"ఫర్లేదులే అమ్మా, కొత్తది చేయిద్దాం" అంది ప్రణవి, బీరువా వైపు చూస్తూ.

అబ్బులు గారి కళ్ళజోళ్ళ షాపుకి పరిగెత్తారు. ఈ పిల్ల నంబరు ఆయనకి కంఠతా వచ్చు. మధ్యాహ్నానికి చేసేశాడు. నాలుగు వేల రెండొందలు. జోడు గాజుపెట్టెలో పెట్టి బిల్లు కొట్టాడు. కొత్త నిబంధన ప్రకారం ఆ పెట్టె తాళం మిషనుతో ముడిపెట్టి ఉంటుంది. పచ్చలైటు పడితేనే తెరుచుకుంటుంది.

"నగదు తెచ్చానండి అబ్బులు గారూ. ఇదిగో, కొంగునే ఉంది. ఇది తీసుకుని ఇచ్చేద్దురూ" అంది మంగతాయారు.

"ఆయ్, నాకూ తీసుకోవాలనే ఉందండి. పెట్టి తెరుచుకోదే! పోనీ పగలగొడదావంటే, పెట్టికి కళ్ళజోడు కన్నా ఎక్కువవుద్దండి."

గత్యంతరం లేక ఆవిడ కార్డు పెట్టింది. నాలుగంకెలు నొక్కింది. వేలు క్లిప్పులో పెట్టింది. ఎర్రలైటు వెలిగింది. లోపల్నుంచి ఒక ఆడగొంతు, పెళ్ళిపందిట్లో మైకులా, వీధంతటికీ వినపడేట్టు పలికింది.

"కార్డుదారు భయపడుతున్నారు. దయచేసి భయపడవలదు."

షాపులో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. మంగతాయారుకి చెమటలు పట్టాయి. మళ్ళీ పెట్టింది.

"కార్డుదారు ఇంకా భయపడుతున్నారు. మిమ్మల్ని భయపెడుతున్న వ్యక్తి మీ ఎదురుగా ఉన్నారా?"

నలుగురూ ఈసారి అబ్బులు వంక చూశారు.

"నేనాండీ? చెవులు పట్టి జోడు తగిలించడం తప్ప నాకేం తెలుసండి బాబూ!" అంటూ ఆయన రెండు చేతులూ పైకెత్తేశాడు.

"అమ్మా, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టు" అంది ప్రణవి.

మంగతాయారు లెక్కపెట్టింది. ఏడు దాకా వచ్చేసరికి గ్యాస్ గుర్తొచ్చింది. మూడోసారి ఎర్రలైటు.

"అభినందనలు. మీ కార్డు రక్షణలోకి తీసుకోబడినది" అంది మిషను.

అబ్బులు గోడమీద గడియారం చూశాడు. "బ్యాంకుకెళ్ళండమ్మా. అక్కడ దీని కోసమే ఒకాయన్ని కూచోబెట్టారు. మళ్ళీ ఆరు లోపు వచ్చెయ్యాలండి. ఆరుకి మిషన్లన్నీ వాటంతటవే ఆరిపోతాయి. పొద్దుగూకితే మనిషికి భయం ఎక్కువవుద్దని రూలు పెట్టారు. మళ్ళీ పొద్దున్న పదింటికే."

పదింటికి పరీక్ష సగం అయిపోతుంది.

బ్యాంకులో ఆయన పేరు కృపానందం. హోదా ధైర్యపాలన అధికారి. ఆయన కుర్చీ వెనక గోడమీద పూలదండ వేసిన ఫొటో ఒకటి ఉంది. చిరునవ్వు నవ్వుతున్న ఒక నడివయసు మనిషి. కింద 'ఈ మాసపు ప్రశాంత ఖాతాదారు. ఒక్కరోజులో ఏడు కార్డులు, ఏడు పచ్చలైట్లు' అని రాసి ఉంది. ఎంత పెట్టిపుట్టాడో మహానుభావుడు అనుకుంది మంగతాయారు.

"దయచేయండి. తమరి భయం మధ్యాహ్నం ఒంటిగంట పన్నెండు నిమిషాలకే బ్యాంకు దృష్టికి వచ్చినది. బ్యాంకు తమరి భయాన్ని గౌరవిస్తోంది" అన్నాడు కృపానందం.

"గౌరవం వద్దండి బాబూ, కార్డు వదిలెయ్యండి. పిల్లకి రేపు పరీక్ష."

"కార్డును బ్యాంకు పట్టుకొనలేదు. తమరి నుండి రక్షించినది. విడుదలకు రెండు మార్గములు కలవు. మొదటిది, తమరికి భయము లేదని ధైర్య ధ్రువపత్రము. రుసుము నూట పద్దెనిమిది రూపాయలు."

ఆవిడ వెంటనే కొంగుముడి విప్పింది.

"నగదు స్వీకరింపబడదు. కార్డు ద్వారా మాత్రమే."

"కార్డు మీ దగ్గరే ఉందిగా అండీ!"

"ఉన్నది. రక్షణలో ఉన్నది" అన్నాడాయన తృప్తిగా. "రెండవ మార్గము, తమరి భయము సహజమైనదని, ఎవరో పెట్టినది కాదని నిరూపించుకొనుట. ఈ భయ వివరణ పత్రము నింపండి."

పత్రంలో 'కార్డుదారు భయములు' అని రాసి కింద మూడు గీతలు గీసి ఉన్నాయి. మంగతాయారు రాయడం మొదలుపెట్టింది. మూడు గీతలూ గ్యాసుకే సరిపోయాయి. ఇంకో కాయితం అడిగింది. దాని మీద లారీ, రాయపూర్ ఘాట్ రోడ్డు, టైర్లు రాసింది. మూడోదాని మీద పిల్ల, పిల్ల కళ్ళు, పిల్ల సైకిలు, పిల్ల తినే బజ్జీలు. నాలుగో కాయితం చివర 'ఈ ఫారం తప్పుగా నింపానేమోనని భయం' అని రాసి సంతకం పెట్టింది. సంతకం బ్యాంకులో ఉన్నదానిలా రాలేదేమోనని పక్కన ఇంకోటి పెట్టింది.

కృపానందం నాలుగు కాయితాలూ చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఆయన ఉద్యోగంలో ఇంత నిండైన పత్రం చూడలేదు.

"ఇది స్వభావమే" అని తేల్చాడు. "తమరిని 'సహజ భయస్థులు' అను విభాగమున నమోదు చేయుటకు సిఫార్సు చేయుచున్నాను. ఈ నాలుగు కాయితములూ తమరి నమూనాగా మిషనులోకి ఎక్కును. ఇకపై తమరు ఎంత భయపడినా తమరు తమరేనని మిషను గుర్తుపట్టును." అని కంప్యూటరులో ఏదో నొక్కాడు. "ఏడు పనిదినములు పట్టును."

"పరీక్ష రేపండి!"

"అంతకుముందే అయిపోవచ్చును. అయితే బ్యాంకు చరిత్రలో ఏ పనీ అంతకుముందు అయిన దాఖలా లేదు."

మంగతాయారు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అవి చూసి కృపానందం కూడా కాస్త మెత్తబడ్డాడు. లావుపాటి పుస్తకం తీసి, వేలు తడిచేసుకుంటూ పేజీలు తిప్పాడు.

"ఉపనిబంధన పద్నాలుగు. ప్రతినిధి వేలు. కార్డుదారుతో ఒకే ఇంట నివసించుచు, ఆమెకు ఏ మాత్రమూ భయపడని వ్యక్తి తన వేలు ఇవ్వవచ్చును. అట్టివారు తమరి ఇంట ఎవరైనా కలరా?"

"అందరూనండి" అంది మంగతాయారు.

"వారిలో బొత్తిగా భయము ఎరుగనివారు?"

ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే. అత్తగారు వీరరాఘవమ్మ. డెబ్భై ఒక్కేళ్ళు. వరదొచ్చి ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొస్తే, మంచం మీద బాసింపట్టు వేసుకుని వక్క కొరుక్కుంటూ కూర్చున్న మనిషి. కోడలి భయాలు ఆవిడకి ఇరవై ఏళ్ళ కాలక్షేపం.

సంగతి చెప్పి ఆటోలో ఎక్కిస్తుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళకి నా విలువ బ్యాంకోళ్ళకి తెలిసిందే మంగా. నువ్వెప్పుడైనా తెలుసుకున్నావా?"

బ్యాంకులో ఆవిడ వేలు క్లిప్పులో పెట్టీ పెట్టకముందే పచ్చలైటు వెలిగింది. కృపానందం లేచి నిలబడ్డాడు. "ఇంత పచ్చదనము ఈ శాఖలో ఇది రెండవ పర్యాయము."

మొదటిది ఎవరిదోనని మంగతాయారు గోడకేసి చూసింది. అక్కడ ఫొటో లేదు, మేకు మాత్రమే ఉంది.

"పోలీసువారు అడిగితే ఇచ్చితిమి. ఆ ఏడు కార్డులూ ఏడుగురివట" అన్నాడు కృపానందం, గొంతు తగ్గించి. "ఆ సంగతి వేరు. వేలి విషయమున మాత్రము వారు ఈనాటికీ ఆదర్శమే."

ప్రతినిధి వేలి మీద కార్డు విడుదలయ్యేటట్టు కాయితం చేతికిచ్చాడు. అత్తా కోడళ్ళు ఆటో దిగి అబ్బులు షాపులో అడుగుపెట్టేసరికి అయిదూ నలభై అయింది. జోడు లేకుండా తిరగొద్దని ప్రణవిని బ్యాంకుకి వెళ్ళేముందే షాపు బయట అరుగు మీద కూర్చోబెట్టింది మంగతాయారు. కదలొద్దని నాలుగుసార్లు చెప్పింది.

వీరరాఘవమ్మ స్టూలు మీద కూర్చుని వేలు చాచింది. అబ్బులు క్లిప్పు తగిలించబోయాడు.

"ఆగవయ్యా. ఎంత?"

"నాలుగు వేల రెండొందలండి."

"రెండు గాజుముక్కలకా! మా ఆయన ముప్పయ్యేళ్ళు ఒకే జోడు పెట్టుకుని పోయారు. నా వేలు ఊరికే వచ్చిందనుకున్నారా? బేరం తేలకుండా పెట్టేది లేదు."

"అత్తయ్యా, టైమైపోతోంది! ఆరైతే మిషను ఆరిపోతుంది!"

"నీకెప్పుడు టైమైపోలేదే? పెళ్ళిపీటల మీద కూడా ముహూర్తం దాటిపోతోందని ఏడ్చావు."

బేరం పది నిమిషాలు సాగింది. అబ్బులు వంద తగ్గించి, జోడు తుడుచుకునే గుడ్డ ఇంకోటి ఇస్తానన్నాడు. ఆవిడ తల పంకించి, రాణీగారిలా వేలు క్లిప్పులో పెట్టింది. పచ్చలైటు వెలగబోయింది.

అదే సమయానికి బయట ప్రణవి అరుగు మీంచి లేచింది. రోడ్డు అవతల ఒక ఆకుపచ్చ చీర కనిపించింది. అమ్మ కట్టుకున్నదీ ఆకుపచ్చే. అమ్మ అటువైపు ఎప్పుడెళ్ళిందా అనుకుంటూ ఆ పిల్ల రోడ్డు మీదికి నడిచింది. ఉల్లిపాయల బస్తాల లారీ ఒకటి మలుపు తిరిగింది.

షాపు అద్దంలోంచి ముందు చూసింది వీరరాఘవమ్మ. "అమ్మో! నా తల్లే!" అని ఆవిడ పెట్టిన కేకకి రాక్ మీద ఫ్రేములు కదిలాయి. బ్రేకు కీచుమంది. రెండు బస్తాలు కిందికి జారి ఉల్లిపాయలు రోడ్డంతా దొర్లాయి. ఆ ఉల్లిపాయల మధ్య ప్రణవి బోర్లా పడి ఉంది.

"ప్రతినిధి భయపడుతున్నారు" అంది మిషను.

మంగతాయారు ఎలా దూకిందో ఆవిడకే తెలీదు. పిల్లని లేవనెత్తి ఒళ్ళంతా తడిమింది. మోకాలు గీసుకుపోయింది. అంతకుమించి ఏమీ లేదు. డ్రైవరు దిగొచ్చి, "కనపట్టంలేదేటమ్మా?" అని అరిచాడు. "లేదండి, నిజంగానే కనపడదు" అంది ప్రణవి మర్యాదగా.

పదిహేనేళ్ళుగా మంగతాయారు రోజుకోసారైనా ఈ లారీని మనసులో చూస్తూనే ఉంది. ఒక్కోరోజు అది బస్సయ్యేది, ఒక్కోరోజు ట్రాక్టరయ్యేది. ఇవాళ అది నిజంగానే వచ్చింది, నిజంగానే ఆగింది. పిల్ల చెయ్యి తన చేతిలో వెచ్చగా ఉంది. ఆవిడకి ఒళ్ళు తేలికైపోయింది. ఎంత వెతుక్కున్నా గుండెలో దడ దొరకలేదు.

పిల్లని నడిపించుకుంటూ లోపలికొచ్చేసరికి వీరరాఘవమ్మ గజగజ వణుకుతోంది. క్లిప్పు ఇంకా వేలికే ఉంది. "నాకు భయమేటే? మిషను పాడైంది" అంటోంది గానీ కళ్ళు మనవరాలి మోకాలి మీంచి కదలడం లేదు. "దెబ్బ తగిలిందా అమ్మా? కూచో. మంగా, దానికి నీళ్ళియ్యవే. నీళ్ళు తిన్నగా తాగమను, పొలమారుద్ది!"

"అయిదూ యాభై ఆరండి" అన్నాడు అబ్బులు.

మంగతాయారు అత్తగారి వేలి నుంచి క్లిప్పు నెమ్మదిగా తీసింది. కార్డు పెట్టింది. నాలుగంకెలు తొణక్కుండా నొక్కింది. తన వేలు పెట్టింది. నాడి ఎంత నిలకడగా కొట్టుకుందంటే, అబ్బులు పచ్చలైటు పడుతుందని గాజుపెట్టె మీద చెయ్యి వేసేశాడు.

మిషను కాసేపు ఆలోచించింది.

"హెచ్చరిక. ఈ కార్డు సహజ భయస్థురాలిది. వేలు పెట్టిన వ్యక్తికి భయము లేదు. కావున ఇది దొంగిలించబడిన కార్డు. దుకాణదారు అనుమానితురాలిని మర్యాదగా కూర్చోబెట్టవలెను."

బ్యాంకు చరిత్రలో మొదటిసారి ఒక పని గడువుకి ముందే అయిపోయింది. నాలుగు కాయితాల భయాలూ మిషనులోకి చేరిపోయాయి.

అబ్బులు ఇంకో స్టూలు ముందుకి జరిపాడు. "కూచోండమ్మా. మర్యాదగా అని చెప్పింది కదండి."

"నేనే అండీ మంగతాయారుని!"

"ఆ సంగతి నాకు తెలుసండి. దానికే తెలీటం లేదు. కొంచెం భయపడి చూపించండి, పోద్ది."

"రావట్లేదండి" అంది మంగతాయారు దీనంగా. నలభై మూడేళ్ళలో మొట్టమొదటిసారి, అవసరానికి భయం చేతికందలేదు.

"గ్యాస్ కట్టావా?" అంది అత్తగారు, చేతనైన సాయం చేద్దామని.

"కట్టానత్తయ్యా. బాగా గుర్తుంది."

"ఏడుకొండలు ఫోనెత్తాడా?"

"ఎత్తాడు. బండాపి టీ తాగుతున్నాడు."

అయిదూ యాభై ఎనిమిది. గాజుపెట్టెలో జోడు బుద్ధిగా కూర్చుని ఉంది. ప్రణవి మోకాలు తుడుచుకుంటూ, అమ్మ ఉన్నదనుకున్న వైపు తిరిగి అడిగింది. "అమ్మా, హాల్‌టికెట్ నీ దగ్గరే ఉందిగా? పొద్దున్న జోడుతో పాటు అది కూడా దాస్తానన్నావు, ఎక్కడ దాచావు?"

మంగతాయారు గుర్తుచేసుకోబోయింది. పరుపు కింద? బియ్యం డబ్బాలో? దేవుడి పటం వెనక? పాత పేపర్ల మధ్య పెట్టిందా? ఆ పేపర్లు మధ్యాహ్నం అత్తగారు పాతపేపర్లవాడికి వేసేస్తానన్నారు కదూ!

గుండె ఒక్కసారి ఎగిరిపడింది. చెమటలు కారాయి. క్లిప్పులో వేలు టపటపా కొట్టుకుంది.

"స్వభావము సరిపోయినది" అంది మిషను, సొంత మనిషిని చూసినట్టు. "కార్డుదారు అసలు మనిషే. చెల్లింపు ఆమోదించబడినది. ధన్యవాదములు."

పచ్చలైటు వెలిగింది. పెట్టె తాళం టక్కున ఊడింది. అబ్బులు జోడు తీసి ప్రణవి చెవులకి తగిలించాడు. ఆ పిల్ల రెండుసార్లు కళ్ళార్పి, అమ్మ మొహం చూసి, నాన్నమ్మ మొహం చూసి, ఫక్కున నవ్వింది. హాల్‌టికెట్ మంగతాయారు జాకెట్టులోనే, నాలుగు మడతలుగా ఉంది. పొద్దున్నించీ గుండెకి ఆనుకునే ఉంది.

ఆరైంది. మిషను ఆరిపోయింది. ఆటో ఎక్కుతుండగా మంగతాయారు ఫోనుకి బ్యాంకు నుంచి మెసేజి వచ్చింది. ప్రణవి కొత్త జోడులోంచి తీరిగ్గా చదివి వినిపించింది.

"ప్రియమైన కార్డుదారు గారికి. మీ భయము నమోదైనది. ఇది ఒక సంవత్సరము చెల్లును. ఈలోగా భయము తగ్గిన యెడల కార్డు నిలిపివేయబడును. కావున భయమును యథాతథముగా కాపాడుకొనగలరు."

"దానికేం ఢోకా లేదని రాసెయ్యవే" అంది వీరరాఘవమ్మ, మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని. ఆటోలోంచి కాలు బయట పెట్టుకుని కూర్చున్న ఆ పిల్లకి, దాన్ని లోపలికి లాక్కోమని అప్పటికి మూడుసార్లు చెప్పింది.

ఆటో మలుపు తిరిగింది. ఒకవేళ ఈ ఏడాదిలో తనకి భయం తగ్గిపోతే ఎలాగోనని మంగతాయారుకి అప్పుడే భయం పట్టుకుంది.